కోత మానినా కునుకు రాదు

"ఆపరేషను జయప్రదంగా జరిగింది" అనే మాట డాక్టరుగారి నోట వినగానే, బయట బెంచీలమీద కూర్చున్న బంధువర్గమంతా ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. ఒకరు దేవుడికి దణ్ణం పెడతారు. ఒకరు ఊరికి ఫోను చేస్తారు. మొక్కుకున్నవాళ్లు మొక్కు గుర్తు చేసుకుంటారు. గండం గడిచిందని అందరి లెక్క. మంచంమీది మనిషికి మాత్రం అసలు కథ అప్పుడు మొదలవుతుంది. పదిరోజులకో పక్షానికో కుట్లు విప్పుతారు. గాయం మానుతుంది. ఆకలి మెల్లిగా పుడుతుంది. నిద్ర ఒక్కటే రాదు. వచ్చినా నిలవదు.

నేను ముప్పయి యేళ్లు నర్సు ఉద్యోగం చేశాను. అందులో సగం కాలం కాన్సరు ఆపరేషన్ల వార్డులో గడిచింది. అదీ ఎక్కువగా రాత్రి డ్యూటీలు. పొద్దున రౌండ్సుకు వచ్చే డాక్టర్లకు రోగి కనిపించే తీరు వేరు, రాత్రి రెండుగంటలకు మాకు కనిపించే తీరు వేరు. పగలు "ఎట్లా ఉందమ్మా?" అని అడిగితే "బాగానే ఉందండీ" అని చెప్పిన మనిషే, రాత్రి లైట్లు తగ్గించాక కళ్లు విప్పార్చుకుని పైకప్పుకేసి చూస్తూ ఉంటాడు. అటువంటి వాళ్లను వందలమందిని చూశాను. వాళ్ల గురించి, వాళ్లకు పనికివచ్చే నాలుగు సంగతుల గురించి చెప్పాలని ఈ ప్రయత్నం.

మత్తు వేరు, నిద్ర వేరు

"నాలుగు గంటలు మత్తులో పడుకున్నాడు గదా, ఇంకా నిద్రేమిటి?" అని ఒక పెద్దాయన నాతో వాదించాడు. మత్తు మందు ఇచ్చినప్పుడు మనిషికి తెలివి ఉండదు, నొప్పి తెలియదు. అంతమాత్రాన అది నిద్ర కాదు. సహజమైన నిద్రలో మెదడు ఒక క్రమం ప్రకారం తేలికపాటి నిద్రలోకి, గాఢనిద్రలోకి, కలలు వచ్చే నిద్రలోకి దిగుతూ ఎక్కుతూ ఉంటుంది. రాత్రి ఒక్కంటికి ఇటువంటి ఆవృత్తులు నాలుగైదు జరుగుతాయి. మత్తులో ఈ క్రమం ఉండదు.

పెద్ద ఆపరేషను జరిగిన మొదటి ఒకటి రెండు రాత్రులు ఈ క్రమం బాగా చెదిరిపోతుంది. గాఢనిద్ర తగ్గుతుంది. కలల నిద్ర దాదాపు మాయమవుతుంది. కోత నొప్పి ఒక కారణం. నొప్పికి ఇచ్చే మార్ఫీను జాతి మందులు ఇంకొక కారణం. గాయం మానడానికి శరీరం రక్తంలోకి వదిలే పదార్థాలు మూడవ కారణం. తరువాత మూడవనాటినుంచో నాలుగవనాటినుంచో పోయిన కలల నిద్ర వడ్డీతో సహా తిరిగివస్తుంది. అప్పుడు చిత్రవిచిత్రమైన పీడకలలు వస్తాయి. చచ్చిపోయిన నాన్న పిలుస్తున్నట్టు, బావిలో పడుతున్నట్టు, మళ్లీ ఆపరేషను బల్ల ఎక్కించినట్టు. రోగి ఉలిక్కిపడి లేచి, "నాకు కాలం దగ్గరపడింది కాబోలు" అనుకుంటాడు. ఇంట్లోవాళ్లు దిష్టి తీస్తారు. తీయవచ్చు, తప్పులేదు. అయితే అది మృత్యువు పిలుపు కాదనీ, చెదిరిన నిద్ర మళ్లీ కుదురుకునే తంతు అనీ ఒక్క మాట ముందుగా చెబితే ఎంత ధైర్యమో! ఆ మాట చెప్పిన రాత్రులు మా వార్డులో కేకలు తక్కువగా వినిపించేవి.

వార్డులో నిద్ర దొంగలు

ఆసుపత్రిలో నిద్రను దొంగిలించేవి చాలా ఉన్నవి. మందుల ట్రాలీ చక్రం కిర్రుమంటుంది. పక్కమంచం యంత్రం పీప్ పీప్ మంటుంది. ఎవరిదో సెల్‌ఫోను సినిమాపాట పాడుతుంది. పదకొండుకు ఇంజక్షను, ఒంటిగంటకు సెలైను మార్పు, నాలుగింటికి జ్వరం చూడడం, ఐదింటికి నెత్తురు తీయడం. రోగి గంటన్నర వరసగా కన్నుమూసే సావకాశమే ఉండదు.

ఇందులో కొంత తప్పనిసరి. కొంత సర్దుకోవచ్చు. రెండు మూడు పనులు ఒకే వేళకు కలిపి చేస్తే మధ్యలో మూడుగంటలు దొరుకుతాయి. తలమీద లైటు ఆర్పి, నేలకు దగ్గరగా ఉండే చిన్నలైటు వేయవచ్చు. కళ్లమీద పలచని గుడ్డ, చెవుల్లో దూది కూడా పనిచేస్తాయి. నొప్పి ముదిరి భరించలేని స్థితికి వచ్చాక అడగడం కంటె, పడుకునే వేళకు ముందే నర్సుతో చెప్పడం మంచిది. "ఓర్చుకుంటాను లెండి" అనేది మన వాళ్లకు అలవాటైన మాట. ఆపరేషను నొప్పిని ఓర్చుకోవడంలో గొప్ప ఏమీ లేదు. ఓర్చుకున్న నొప్పి దగ్గును ఆపుతుంది, నడకను ఆపుతుంది, నిద్రను ఆపుతుంది.

వయసు మళ్లిన వారి విషయంలో ఒక హెచ్చరిక. ఆపరేషను తరువాత ఒకటి రెండు రోజులలో, సాయంత్రమయ్యేసరికి కొందరు ముసలివాళ్లు ఉన్న ఊరేదో, పక్కనున్నదెవరో పోల్చుకోలేరు. ట్యూబులు పీక్కుంటారు. పగలంతా మగత, రాత్రంతా కలవరింత. అది పిచ్చి కాదు, మొండితనం కాదు. డెలీరియం అనే తాత్కాలికమైన మెదడు కలత. చీముపట్టడంవల్ల, లవణాల హెచ్చుతగ్గులవల్ల, మందులవల్ల, మూత్రం బిగియడంవల్ల రావచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. కళ్లజోడు పెట్టండి, చెవి మిషను పెట్టండి, ఎదురుగా గడియారం కనపడనివ్వండి, తెలిసిన మొహం ఒకటి పక్కన ఉండేటట్టు చూడండి.

సంతబేరగాడి గంట

ఒకసారి మా వార్డుకు పశువుల సంతలో బేరాలు కుదిర్చే ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. కంఠనాళంలో కాన్సరు. స్వరపేటిక తీసివేసి, మెడముందు రంధ్రం చేసి, ఊపిరి అందులోనుంచి ఆడేటట్టు అమర్చారు. సంతంతా వినబడేట్టు కేకవేసి బతికిన మనిషికి గొంతు లేకుండా పోయింది. అందుకు ఏడ్చాడు. అది అందరికీ అర్థమయింది. అర్థంకానిదల్లా ఆయన ఎందుకు పడుకోడనేది. మూడు రాత్రులు దిండుకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. నిద్ర మందు రాశారు. మాత్ర బుగ్గన పెట్టుకుని, మేము పోగానే ఉమ్మివేశాడు.

నాలుగవ రాత్రి పలకా బలపమూ ఇచ్చి, "ఏం తాతా, ఎందుకు పడుకోవు?" అని అడిగాను. ఆయనకు వచ్చినవి నాలుగు అక్షరాలు. కూడబలుక్కుని రాశాడు. మెడలో కన్నం మూసుకుపోతే తాను కేకవేయలేడు. కేకవేయకపోతే ఎవరూ లేవరు. కనుక నిద్రపోతే చచ్చిపోతాడు. ఇందులో పొరపాటేముంది? ఆ మంచానికి పిలిచే గంట చెడిపోయి చాలా రోజులయింది. ఆయన భయానికి మాత్ర ఏం చేస్తుంది?

ఆయన భార్య చాపమీద కూర్చుని ఇదంతా విన్నది. మర్నాడు మనుమడిచేత ఊరినుంచి ఎద్దు మెడలో కట్టే చిరుగంట తెప్పించింది. తాడుతో ఆయన ముంజేతికి కట్టింది. ఆ రాత్రి ఆయన గంటకొకసారి ఊపాడు. ఊపినప్పుడల్లా ఆమె లేచి, "ఇక్కడే ఉన్నా" అన్నది. నేనూ వెళ్లి రంధ్రం శుభ్రంగా ఉన్నదో లేదో చూసి, టార్చిలైటు వేసి చూపించాను. రెండున్నర దాటాక గంట మోగలేదు. వెళ్లి చూస్తే పడుకున్నాడు. మంచం తలవైపు ఎత్తుగా పెట్టి, ఆ రంధ్రం దగ్గర గాలి తడిగా ఉండేటట్టు చూసి వచ్చాను.

ఆరునెలలకు పరీక్షకోసం వచ్చినప్పుడు, గంట ఏదని సైగచేస్తే, ఎద్దు కొమ్ములు అభినయించి చూపి నవ్వాడు. ఎద్దుకే తిరిగి కట్టేశాడట.

రోగికి నిద్ర ఎందుకు రావడంలేదో అడగకుండా మందు ఇవ్వడం, చెప్పుల దుకాణంలో కాలు చూడకుండా చెప్పులు ఇవ్వడంవంటిది. పొట్టకు సంచి అమర్చిన వారికి రాత్రి పొర్లితే సంచి ఊడి పక్క ఖరాబవుతుందని భయం. పడుకోబోయే ముందు సంచి ఖాళీచేసి, పక్కమీద మైనపు గుడ్డ పరిస్తే సగం భయం పోతుంది. రొమ్ము తీసివేసిన వారికి చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ చేతికింద మెత్తని చిన్న దిండు పెడితే గుంజుడు తగ్గుతుంది. నోటి కాన్సరు ఆపరేషను అయినవారికి పడుకుంటే చొంగ గొంతులోకి పోతుందని భయం. తల ఎత్తు చేయాలి. ఎవరి భయం వారిది. ఎవరి ఉపాయం వారిది.

పేరు చెప్పని జబ్బు

ఇంకొక భయం ఉన్నది. దానికి దిండు చాలదు.

పల్లెటూరినుంచి వచ్చిన ఒక పెద్దావిడకు ఎడమ రొమ్ము తీసివేశారు. కొడుకులిద్దరూ డాక్టరును బతిమాలుకున్నారు, "అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు" అని. గడ్డ అనే చెప్పారు. ఆవిడ సరేనన్నది. పగలంతా కోడళ్లతో కబుర్లు చెప్పేది. రాత్రి మేలుకునే ఉండేది. స్నానాల గదిలో అద్దంమీద తువ్వాలు కప్పి గాని లోపలికి పోయేది కాదు. కట్టు మార్చేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకునేది.

ఒక రాత్రి రెండు దాటాక నన్ను దగ్గరకు పిలిచి, "సిస్టరమ్మా, నాది ఆ జబ్బేనా?" అన్నది. "ఎందుకలా అనుకుంటున్నారు పిన్నిగారూ?" అంటే, "గడ్డకయితే ఇంతమంది నన్ను ఇంత ప్రేమగా చూస్తారా?" అన్నది. కొడుకులు వరండాలో గుసగుసలాడటం ఆవిడ మొదటిరోజునుంచీ వింటున్నది. వాళ్లు తెలియనివ్వకూడదని నటిస్తున్నారు. తనకు తెలిసినట్టు వాళ్లకు తెలియకూడదని ఆవిడ నటిస్తున్నది. ఇద్దరికీ నిద్ర లేదు.

రోగం పేరు చెప్పడం నర్సు పని కాదు. "రేపు డాక్టరుగారిని మీరే అడగండి, నేను పక్కన ఉంటాను" అన్నాను. పొద్దున డాక్టరుగారు ముందు కొడుకులతో మాట్లాడారు. తరువాత ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారమ్మా?" అని అడిగారు. "మొత్తం" అన్నదావిడ. చెప్పారు. ఆవిడ ఏడ్చింది. కొడుకులు ఆవిడకంటె ఎక్కువ ఏడ్చారు. ఆ రాత్రి కూడా నిద్రపట్టలేదు, మరునాడూ అంతే. కాని ఆ రెండు రాత్రులూ పెద్దకొడుకు మంచం పక్కన కూర్చున్నాడు, ఇద్దరూ మాట్లాడుకున్నారు. కూతురికి కూడా ఈ జబ్బు వస్తుందా అనేది ఆవిడ అసలు బెంగ. ఆ ప్రశ్న అడగడానికి దారే లేకుండా పోయింది అంతవరకు! డాక్టరుగారు కూతుర్ని పిలిపించి ఏ పరీక్షలు ఎప్పుడు చేయించుకోవాలో చెప్పారు. మూడవ రాత్రి ఆవిడ నాలుగు గంటలు పడుకున్నది. ఇంటికి వెళ్లే ముందురోజున "అద్దం ముందు నా పక్కన నిలబడతావా?" అని నన్ను అడిగి, తువ్వాలు తానే తీసింది.

అందరికీ అన్నీ చెప్పి తీరాలని నా వాదన కాదు. తెలుసుకోవడం ఇష్టంలేని వారూ ఉంటారు. వారికి ఏది ఇష్టమో వారినే అడగాలి.

పారిస్‌లో ఒక రచయిత్రి

ఈ మనోవ్యథ ఈనాటిది కాదు. ఫానీ బర్నీ అనే ఇంగ్లీషు నవలారచయిత్రికి 1811వ సంవత్సరం సెప్టెంబరు 30న పారిస్‌లో రొమ్ము తీసివేశారు. నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన లారే అనే సర్జను ఆ పని చేశాడు. అప్పటికి మత్తుమందు లేదు. ఈథరుతో స్పృహ తప్పించి ఆపరేషను చేయవచ్చునని బోస్టను నగరంలో లోకానికి చూపించింది 1846లో. ఆమె కొంచెం మద్యం పుచ్చుకుని, తెలివితో ఉండగానే ఆ కోత భరించింది.

ఆమె తన అక్కకు ఆ సంగతంతా రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉన్నది. ఆ ఉత్తరం పూర్తికావడానికి నెలలు పట్టింది. దాని గురించి మాట్లాడబోతే చాలు, మళ్లీ కత్తి కింద పడుకున్నట్టే ఉండేదట. రాసింది తిరిగి చదువుకోవడానికి కూడా ధైర్యం చాలలేదట. గాయం మానింది. ఆ తరువాత ఇరవై ఎనిమిదేళ్లు బతికి, 1840లో 87వ యేట కన్నుమూసింది. శరీరం ఎంత బాగా కోలుకున్నా, మనసు దాని వేళకు అది కోలుకుంటుందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

వైద్యలోకం ఈ విషయాన్ని పట్టించుకోవడానికి చాలాకాలం పట్టింది. న్యూయార్కులోని స్లోన్ కెట్టరింగ్ కాన్సరు ఆసుపత్రిలో 1977లో జిమ్మీ హాలండ్ అనే లేడీడాక్టరు కాన్సరు రోగుల మనోవేదనకోసం ప్రత్యేక విభాగం నెలకొల్పారు. ఆమె 2017లో మరణించారు. జ్వరం చూడడానికి థర్మామీటరు ఉన్నట్టే, వ్యథ చూడడానికి కూడా సున్నానుంచి పదివరకు గీతలు గీసిన ఒక బొమ్మ తయారయింది. "ఈ వారం మీ బాధ ఏ గీత దగ్గర ఉన్నది?" అని అడుగుతారు. నాలుగు, అంతకుపైన అంటే ఆగి వినాలి. కాగితం పెన్సిలు తప్ప ఖర్చులేని పరీక్ష ఇది.

లెక్కలు ఏమంటున్నవి

కెనడాలోని క్విబెక్‌లో జోసే సవార్డ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు కాన్సరు ఆపరేషనుకు వచ్చిన 962 మందిని 18 నెలలపాటు వెంబడించి చూశారు. 2011లో ఫలితం ప్రకటించారు. ఆపరేషను ప్రాంతంలో నూటికి 59 మందికి నిద్ర బాధ ఉన్నది. 18 నెలల తరువాత కూడా 36 మందికి ఉన్నది. అంటే కొందరికి దానంతటదే సర్దుకుంటుంది, చాలామందికి సర్దుకోదు.

ఎందుకు సర్దుకోదో ఆర్థర్ స్పీల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు 1987లో తేటగా చెప్పాడు. కొందరి స్వభావంలోనే నిద్ర తేలిక. అది నేల. జబ్బు, ఆపరేషను వచ్చి పడతాయి. అది విత్తనం. నిద్ర రాదేమోనని మనిషి చేసే పనులు ఉంటాయే, తొమ్మిదింటికే పక్క ఎక్కడం, పగలు మూడుగంటలు పడుకోవడం, తెల్లవార్లూ గడియారం చూడడం, ఇవి ఎరువూ నీళ్లూ. విత్తనం వేసిన కారణం పోయినా చెట్టు పెరుగుతూనే ఉంటుంది.

ఇంటికి వచ్చాక

ఈ మూడవదాన్ని తీసివేసే పద్ధతికి ఆలోచనా ప్రవర్తనా చికిత్స అని పేరు. చాలాకాలంగా నిద్రపట్టని పెద్దవాళ్లకు మాత్రలకంటె ముందు దీన్నే ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే వైద్యసంఘం 2016లో సలహా ఇచ్చింది. కాన్సరు నుంచి బయటపడ్డవారికి ఇది పనిచేస్తుందని వేరుగా పరీక్షలు జరిపి తేల్చారు. శిక్షణ పొందినవారు ప్రతి ఊళ్లో దొరకరు. అయినా అందులో సారం ఇంట్లో పాటించదగినదే.

ఏ రాత్రి ఎట్లా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. నిద్ర ముంచుకువచ్చినప్పుడే పక్క ఎక్కాలి. ఇరవై నిమిషాలు దాటినా కునుకు పట్టకపోతే, లేచి వేరేచోట కూర్చోవాలి. మళ్లీ కళ్లు మూతలుపడ్డప్పుడే రావాలి. మంచం నిద్రకు గాని, దిగులుకు కాదని శరీరానికి తెలియజెప్పే ఉపాయమిది. 1972లో రిచర్డ్ బూట్జిన్ కనిపెట్టాడు. వెంటనే లేచి తిరగలేని స్థితిలో ఉన్నవారు మంచంమీదే దిండుకు ఆనుకుని కూర్చుంటే చాలు. గడియారం గోడవైపు తిప్పండి. పగటి కునుకు మూడుగంటల లోపల, అరగంటకు మించకుండా. కాఫీ, టీ మధ్యాహ్నం దాటాక వద్దు. తాగిన కాఫీలోని సారం సగం కరగడానికే ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది.

పొద్దుటి ఎండలో నడవండి. వీధి చివరివరకైనా సరే. వెలుతురు మెదడులోని గడియారాన్ని సరిచేస్తుంది, నడక నీరసాన్ని తగ్గిస్తుంది. "జబ్బుమనిషి, కదలనివ్వకండి" అనేది ప్రేమతో చెప్పే సలహాయే గాని, మంచి సలహా కాదు. యోగాభ్యాసం సంగతి కూడా పరీక్షించి చూశారు. అమెరికాలో చికిత్స ముగిసిన 410 మందిలో కొందరిచేత వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు సున్నితమైన ఆసనాలు, శ్వాసక్రియలు చేయించగా, వారి నిద్ర మెరుగుపడిందని 2013లో ప్రచురించారు. తలకిందులుగా నిలబడే ఆసనాలు కావు సుమా! డాక్టరును అడిగి, కుట్లమీద బరువు పడనివే చేయాలి.

ఇంకొకటి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పావుగంటసేపు ఒక నోటుపుస్తకం ముందు పెట్టుకుని దిగుళ్లన్నీ రాయండి. అప్పు, అమ్మాయి పెళ్లి, వచ్చే నెల స్కానింగు, తిరగబెడుతుందేమోనన్న భయం. ప్రతిదానికీ ఎదురుగా రేపు చేయగలిగింది ఏదైనా ఉంటే రాయండి. లేకపోతే ఖాళీ ఉంచండి. రాత్రి రెండింటికి అదే దిగులు మళ్లీ తలుపుతడితే, "నీ సంగతి రాసి ఉంచాను, రేపు సాయంత్రం రా" అని చెప్పవచ్చు. విన్నవాళ్లు నవ్వారు. చేసినవాళ్లలో చాలామంది నెలతరువాత నవ్వలేదు.

మాత్రల సంగతి

నిద్రమాత్ర విషం కాదు. ఆపరేషను రోజులలో డాక్టరు కొద్దినాళ్లకు రాస్తే వేసుకోవచ్చు. పక్కింటివారి మాత్ర, దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్ర మాత్రం వద్దు. నొప్పికి వాడే మార్ఫీను జాతి మందులతో కొన్ని నిద్రమాత్రలు కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ముసలివారు రాత్రి లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకున్న సందర్భాలు నేను ఎరుగుదును.

కీమోథెరపీతోపాటు ఇచ్చే స్టెరాయిడు మాత్రలు నిద్ర చెడగొడతాయి. పొద్దున పూట వేసుకోవచ్చునేమో డాక్టరును అడగండి. రొమ్ము కాన్సరుకు టామాక్సిఫెన్ వాడే స్త్రీలకు రాత్రిపూట ఒళ్లంతా ఆవిరులు, చెమటలు పట్టి మెలకువ వస్తుంది. నూలుబట్టలు, ఫాను గాలి కొంత మేలు. దిగులుకు వాడే మందులలో పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ వంటివి టామాక్సిఫెన్ పనికి అడ్డం తగలవచ్చు. కనుక మనోవైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు కాన్సరు మందుల చీటీ తప్పక చూపించాలి. వేసుకుంటున్న మందు మాత్రం స్వంతంగా ఆపరాదు.

నిద్రకోసమని ఒక చుక్క వేసుకునే మగవారికి ఒక మాట. అది ముందు జోకొడుతుంది, రాత్రి మూడింటికి తట్టిలేపుతుంది. నోరు, గొంతు, లివరు జబ్బులవారికి దాని కీడు వేరే చెప్పనక్కరలేదు.

చాపమీద మనిషి

లక్ష్మణస్వామి అడవిలో పదునాలుగేళ్లు మేలుకుని ఉంటే, ఆ నిద్ర ఊర్మిళాదేవి పోయిందని మన ఆడవాళ్లు కథగా చెప్పుకుంటారు. ఆసుపత్రిలో మంచం కింద చాపమీద పడుకునే మనిషి వంతు నిద్ర ఎవరు పోతారు? భార్యో, తల్లో, కూతురో నెలలతరబడి కోడికునుకుతో గడుపుతారు. రోగి మూలిగితే లేస్తారు. మూలగకపోతే ఊపిరి ఆడుతున్నదా అని లేస్తారు. వారానికి రెండు రాత్రులైనా ఇంకొకరు ఆ చాపమీదికి రావాలి. పళ్లు పట్టుకుని చూడడానికి వచ్చే బంధువులు, పళ్లకు బదులు ఒక రాత్రి ఇస్తే అంతకంటె గొప్ప ఉపకారం లేదు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు

కాన్సరు రోగులలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి మందుతోనో మాటతోనో చికిత్స అవసరమైనంత కుంగుబాటు ఉంటుంది. రెండువారాలు వరసగా దేనిమీదా మనసు పోకపోవడం, తిండి సహించకపోవడం, తెల్లవారుజామున మెలకువ వచ్చి ఏడుపు రావడం, "నేను మీకు భారం" అనే మాట పదేపదే అనడం దానికి గుర్తులు. చావాలనే మాట నోట వస్తే, ఊరికే అంటున్నాడని కొట్టిపారవేయకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. వెంటనే డాక్టరుకు చెప్పండి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ అనే సేవ ఉన్నది. 14416 నెంబరుకు ఫోను చేస్తే ఏ వేళనైనా తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు. డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరానికి మూడు ఊతకోలలని చరకుడు చెప్పాడు. డిశ్చార్జి చీటీలో మొదటిదాని గురించి ఏం తినాలో, ఏం తినకూడదో అరపేజీ రాస్తారు. నిద్ర గురించి ఒక్క పంక్తి ఉండదు. ఈసారి చీటీ తీసుకునేటప్పుడు రోగి తరఫున మీరే అడగండి: "రాత్రి నిద్రపట్టకపోతే ఏం చేయాలి? ఎవరికి చెప్పాలి?" డాక్టరుగారు కలం తీసి ఆ పంక్తి రాసేదాకా కుర్చీలోనుంచి లేవకండి.